కొండ పరుగు పోటీ ఏది ఎంచుకోవాలి? విశాఖ రన్నర్లకు ఒక పోలిక

బీచ్ రోడ్డులో పది కిలోమీటర్లు, తర్వాత నేవీ మారథాన్‌లో హాఫ్ (21.1 కిలోమీటర్లు). విశాఖలో పరుగు మొదలుపెట్టిన చాలామంది ఇలాగే వస్తారు. ఇంకొన్నాళ్లకు రన్నర్స్ గ్రూపులో ఒకరు మహారాష్ట్రలోని సతారా కొండ పరుగు మెడల్‌తో ఫొటో పెడతారు, మరొకరు లద్దాఖ్‌లోని లేహ్ నుంచి పెడతారు. అక్కడితో మనకూ పురుగు తొలుస్తుంది. కొండ పోటీకి వెళ్లాలని అనుకోవడం సులభమే. ఏ పోటీకి అన్నదగ్గరే టెన్షన్. దూరాలు వేరు, ఎత్తులు వేరు, కొన్నింటికి రెండు రోజుల సెలవు చాలు, కొన్నింటికి రెండు వారాలు కావాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొండ పోటీ అనగానే అందరూ ఎంత ఎత్తు ఎక్కాలో చూస్తారు. ఎంత దిగాలో చూసి ఎంచుకోమని నా సలహా. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడకపోతే నడవొచ్చు, నడిస్తే ఎవరూ ఏమీ అనరు. దిగేటప్పుడు తొడలు పట్టేస్తే నడవడమూ కష్టమే. ఇక మన ఊళ్లో ఎక్కడానికి కొండలకు కొదవ లేదు, దిగడం సాధన చేసేవాళ్లే తక్కువ.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

దిగుడు ఎంత, ఎలాంటిది. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు ఒకపక్క సాగుతూనే, మరోపక్క బిగుసుకుని ఒంటి బరువును ఆపుతుంటాయి. కండరాన్ని ఎక్కువగా దెబ్బతీసేది ఈ పనే. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు. మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగుతుంటే తెలుస్తుంది. మంచి సంగతి ఏమిటంటే, ఒకసారి గట్టిగా దిగి కోలుకున్న కండరం తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా దెబ్బతినదు. పోటీకి ముందు నెలా నెలన్నరలో రెండు మూడు మంచి దిగుళ్లు చేసినవాడికీ చేయనివాడికీ ఆఖరి ఐదు కిలోమీటర్లలో కనిపించే తేడాకు కారణం ఇదే.

శక్తి ఖర్చు లెక్క మరోలా ఉంటుంది. చదునుగా పరుగెత్తడం కంటే దిగుతూ పరుగెత్తడానికి ఖర్చు తక్కువ. వాలు సుమారు 20 శాతం (100 మీటర్లకు 20 మీటర్ల దిగుడు) దాకా పెరిగేకొద్దీ ఖర్చు తగ్గుతూ వస్తుంది, దారి అంతకన్నా నిటారుగా ఉంటే మళ్లీ పెరుగుతుంది. అంటే ఊపిరి హాయిగా ఉన్నప్పుడే కాళ్లు దెబ్బతింటుంటాయి. కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే. శ్వాస బాగుంది కదా అని వేగం పెంచేస్తారు.

అసలు దూరం. కొండ పోటీలో కిలోమీటర్లు మాత్రమే చూస్తే లాభం లేదు. ట్రైల్ రన్నింగ్‌లో, అంటే మట్టిదారుల్లో, కొండదారుల్లో పరుగులో, వాడే సులువైన లెక్క ఒకటుంది: ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకూ ఒక కిలోమీటరు అదనంగా కలుపుకోవాలి. 21 కిలోమీటర్ల దారిలో మొత్తం 500 మీటర్లు ఎక్కాల్సి ఉంటే అది 26 కిలోమీటర్ల శ్రమ. 50 కిలోమీటర్లలో 2,000 మీటర్లు ఎక్కితే 70 కిలోమీటర్ల శ్రమ. బీచ్ రోడ్డులో మీ హాఫ్ టైమ్ ఎంతో తెలుసు కాబట్టి, కొండ పోటీ కటాఫ్ (ముగించాల్సిన గడువు) లోపల చేరగలరో లేదో ఈ లెక్కతో ఓ అంచనాకు రావచ్చు.

సాధన ఏ నెలల్లో పడుతుంది. దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు గానీ, విశాఖ వాళ్లకు ఇది చాలా పెద్ద విషయం. సెప్టెంబరు పోటీకి పేరిస్తే గట్టిగా శ్రమించాల్సిన కాలం మే నుంచి ఆగస్టు వరకు. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరినా బనియన్ పిండితే నీళ్లు కారే ఉక్కపోత. ఫిబ్రవరి పోటీ అయితే సాధన కార్తీకం నుంచి మాఘం దాకా సాగుతుంది, ఈ ఊళ్లో పరుగుకు అంతకు మించిన కాలం లేదు.

దారి ఎలాంటి నేల. తారు రోడ్డా, మట్టిదారా, రాళ్లా, బురదా? తారు మీద దిగితే దెబ్బ తొడలకు, మోకాళ్లకు. మట్టీ రాళ్ల దారిలో భయం చీలమండల గురించి. మీకు పాత గాయం ఎక్కడుందో అదే మీ పోటీని సగం నిర్ణయిస్తుంది.

సముద్రమట్టం నుంచి ఎత్తు. మనం పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డున. 2,500 మీటర్ల పైన జరిగే పోటీ అయితే కాళ్ల బలం ఒక్కటీ చాలదు.

సెలవులు, ఖర్చు. రిజిస్ట్రేషన్ ఫీజు చిన్న విషయం. ప్రయాణం, బస, ఎన్ని రోజుల జీతం పోతుందన్నదే అసలు లెక్క.

## ఒక్క చూపులో

| పోటీ రకం | దిగుడు | దారి | సాధన కాలం (విశాఖలో) | సెలవు | మొదటిసారి వాళ్లకు |
|---|---|---|---|---|---|
| పైకి మాత్రమే ఎక్కే చిన్న పోటీ | దాదాపు లేదు | రోడ్డు లేదా మెట్లు | ఎప్పుడైనా | ఒక రోజు | చాలా మంచిది |
| సతారా తరహా ఘాట్ రోడ్డు హాఫ్ | సగం దూరం | తారు | మే నుంచి ఆగస్టు, ఉక్కపోత | మూడు నాలుగు రోజులు | హాఫ్ చేసినవాళ్లకు మంచిది |
| లోనావాలా తరహా 35, 50 కి.మీ. | తెరలు తెరలుగా ఎక్కుడు దిగుడు | రోడ్డు | నవంబరు నుంచి జనవరి, హాయి | మూడు నాలుగు రోజులు | 35 అయితే సరే |
| మలనాడు తరహా కాఫీ తోటల ట్రైల్ | చాలా ఎక్కువ | మట్టి, రాళ్లు, బురద | జులై నుంచి అక్టోబరు, వాన | నాలుగు రోజులు | వద్దు |
| లద్దాఖ్ | హాఫ్‌లో తక్కువ, ఖర్దుంగ్ లా పోటీలో విపరీతం | రోడ్డు | మే నుంచి ఆగస్టు | పది రోజుల పైన | హాఫ్ వరకే |

## పైకి మాత్రమే ఎక్కే పోటీ

ప్రపంచ పర్వత పరుగుకు ఇది పాత సంప్రదాయం. 1985లో ఇటలీలో ప్రపంచ స్థాయి పోటీలు మొదలైన తర్వాత, చాలా ఏళ్లు ఒక ఏడాది పైకి మాత్రమే, మరో ఏడాది ఎక్కి దిగే దారిలో జరిపేవారు. ఇందులోనే అతి కఠినమైనది ‘వర్టికల్ కిలోమీటర్’. ఐదు కిలోమీటర్లకు మించని దూరంలో వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కేయాలి.

మన దగ్గర ఇలాంటివి పెద్ద పేరున్న పోటీలుగా తక్కువ. ఏదైనా కాలేజీయో క్లబ్బో కొండ కింద మొదలుపెట్టి పైన ముగించే ఐదారు కిలోమీటర్ల పరుగు పెడుతుంటారు. అలాంటిది మీ ఊరి దగ్గర కనిపిస్తే వదలొద్దు. ఒంటికి దెబ్బ తక్కువ, మర్నాడు ఆఫీసుకు వెళ్లిపోవచ్చు. బరువు ఎక్కువున్నవాళ్లకు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు, యాభై దాటాక పరుగు మొదలుపెట్టినవాళ్లకు కొండను పరిచయం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు. కాకపోతే ఒకటి: ఇందులో గుండె మీద భారం ఎక్కువ. నలభై ఐదు దాటితే, షుగరు బీపీ ఉంటే, డాక్టరుకు చూపించుకుని ఈసీజీ తీయించుకున్నాకే పేరివ్వండి. ఇంకా, కిందికి దిగడానికి వ్యాను ఉందో లేదో ముందే అడగండి. లేకపోతే మీరు పైకి మాత్రమే పోటీకి పేరిచ్చి, కిందికి ఉచితంగా పరుగెడుతున్నట్టే.

## సతారా: ఘాట్ రోడ్డు హాఫ్

మహారాష్ట్రలోని సతారా ఊళ్లో మొదలై, యవతేశ్వర్ ఘాట్ మీదుగా కాస్ వైపు ఎక్కి, అదే దారిన వెనక్కి దిగి ఊళ్లోనే ముగిసే 21.1 కిలోమీటర్ల పరుగు ఇది. 2012లో మొదలైంది. 2015లో ఒకే కొండ మీద ఎక్కువమంది పరుగెత్తిన హాఫ్‌గా గిన్నిస్ రికార్డుకు ఎక్కింది. జరిగేది వర్షాకాలం చివర్లో. మేఘం రోడ్డు మీదికి దిగి ఉంటుంది, సన్నని జల్లు పడుతుంది, కొండ పచ్చగా ఉంటుంది. మేలో, జూన్‌లో మన ఉక్కలో చెమటోడ్చి వెళ్లినవాడికి ఆ చల్లదనం బహుమతి లాంటిది.

మొదటిసారి కొండ పోటీకి వెళ్లే విశాఖ రన్నరుకు నేను చెప్పేది ఎక్కువగా ఇదే. కారణాలు రెండు. ఒకటి, తారు రోడ్డు. కొత్త బూట్లు కొనక్కర్లేదు, పడిపోతామన్న భయం తక్కువ. రెండు, దారి రూపం. మొదటి సగంలో పైకి, రెండో సగంలో కిందికి కాబట్టి శక్తిని ఎలా పంచుకోవాలో సులభంగా అర్థమవుతుంది.

ఆ రెండో సగంలోనే చిక్కు. పై నుంచి వెనక్కి తిరిగాక రోడ్డు మిమ్మల్ని తనంతట తానే లాక్కెళ్తుంది. అప్పుడు మీ బూటు చప్పుడు వినండి. టప్ టప్ అని గట్టిగా వినిపిస్తుంటే మడమతో బ్రేకు వేస్తున్నారన్నమాట. ఆ బ్రేకు మొత్తం తొడల మీద పడుతుంది. అడుగు చిన్నది చేసి, త్వరత్వరగా వేసి, ఒంటిని వెనక్కి వాల్చకుండా కొంచెం ముందుకే ఉంచి, చూపు నాలుగైదు మీటర్ల ముందు పెడితే చప్పుడు దానంతటదే తగ్గుతుంది. మలుపుల్లో లోపలి అంచున వాలు నిటారుగా ఉంటుంది. కొంచెం దూరమైనా మలుపు బయటి అంచున దిగడం మేలు. అయితే పోటీ కోసం రోడ్డు మూసినప్పుడే ఆ పని చేయాలి, సాధనలో వాహనాలుంటే ఎప్పుడూ వద్దు.

ఇంకో చిన్న పని. దిగేటప్పుడు పాదం ముందుకు జారి కాలి వేళ్లు బూటు ముందుభాగానికి కొట్టుకుంటాయి. గోళ్లు నల్లబడేది అందుకే. బూటు పైన, చీలమండ దగ్గర, చాలామంది ఎప్పుడూ వాడని చివరి రంధ్రం ఒకటి ఉంటుంది. లేసును అదే పక్కన పై నుంచి దాంట్లోకి దూర్చితే చిన్న ఉంగరంలా ఏర్పడుతుంది. రెండు పక్కలా ఇలా చేసి, ఎడమ లేసును కుడి ఉంగరంలోంచి, కుడి లేసును ఎడమ ఉంగరంలోంచి తీసి వెనక్కి లాగి ముడేయండి. మడమ బూటు వెనక్కి అతుక్కుపోతుంది, వేళ్లు ముందుకు జారవు. పోటీ రోజున కాదు, ముందే ఒక సాధనలో ప్రయత్నించి చూడండి. కొందరికి చీలమండ ముందు నరం నొక్కుకుపోయినట్టు ఉంటుంది, వాళ్లు కాస్త వదులుగా కట్టుకోవాలి.

విశాఖ నుంచి వెళ్లడం కష్టం కాదు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడి నుంచి పుణె మీదుగా ముంబయి వెళ్తుంది. పుణెలో దిగి బస్సెక్కితే సతారా నూట పది కిలోమీటర్ల దూరం. రైల్లో ఒకరోజుకు పైగా కూర్చుంటారు కాబట్టి పోటీ ముందు రోజు కాక, రెండు రోజుల ముందు చేరేలా టికెట్ తీసుకోండి. కాళ్లు పట్టేసి ఉంటాయి.

## లోనావాలా: అందరూ మరిచిపోయే మధ్యేమార్గం

పుణె, ముంబయి మధ్య లోనావాలా కొండల్లో 35, 50 కిలోమీటర్ల టాటా అల్ట్రా ఇటీవలి సంవత్సరాల్లో ఫిబ్రవరిలో జరుగుతూ వచ్చింది. తెల్లవారక ముందే చీకట్లో మొదలవుతుంది కాబట్టి నుదుటికి లైటు కట్టుకుని పరుగెత్తాలి. ఒక్కటే పెద్ద కొండ ఉండదు. ఎక్కుడు, దిగుడు, మళ్లీ ఎక్కుడు.

మన గ్రూపుల్లో దీని ఊసు తక్కువే గానీ, పైన చెప్పిన సాధన కాలం లెక్కలో చూస్తే విశాఖ వాళ్లకు ఇంత బాగా కలిసొచ్చేది ఇంకొకటి లేదు. నవంబరు నుంచి జనవరి దాకా తెల్లవారుజామున పరుగుకు వెళ్తే ఒంట్లోంచి నీరంతా పోదు, ఆదివారం మూడు గంటలు పరుగెత్తినా సోమవారం మనిషిలా ఉంటారు. పైగా తుపాన్ల కాలం డిసెంబరు సగానికి చాలావరకు అయిపోతుంది. స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లకు ఇది ఇంకా నప్పుతుంది. చలికాలంలో ఎండ నెత్తికెక్కదు కాబట్టి బి షిఫ్టు (మధ్యాహ్నం డ్యూటీ) ఉన్న వారం పొద్దున ఎనిమిదింటికి బయల్దేరినా నష్టం లేదు.

హాఫ్‌లు బాగా చేసి, ఫుల్ మారథాన్ (42.2 కిలోమీటర్లు) చేయాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లు ఇక్కడ 35కి పేరిస్తే బాగుంటుంది. 50కి మాత్రం ఒక ఫుల్ అయ్యాకే.

## మలనాడు: కాఫీ తోటల్లో, బురదలో

కర్ణాటకలోని చిక్కమగళూరు కాఫీ తోటల్లో జరిగే మలనాడు అల్ట్రాలో 50, 100 కిలోమీటర్ల విభాగాలు ఉంటూ వచ్చాయి. వానలు వెనక్కి మళ్లే కాలం. తోటల మధ్య జీపు దారులు, ఎర్రమట్టి, నాచు పట్టిన రాళ్లు, వాన పడితే బురద. జలగలుంటాయి. సాక్సును ప్యాంటు మీదికి లాక్కుని, అంచున వేపనూనె రాసుకుంటే కొంత నయం, పూర్తిగా తప్పదు. ఎక్కినా రక్తం కారుతుందని హడావుడి పడొద్దు. గోరుతో పక్కకు నెట్టి, కడుక్కుని, పరుగెత్తడమే.

అందం విషయంలో ఈ జాబితాలో దీనికి సాటి లేదు. కష్టంలోనూ, లద్దాఖ్ పెద్ద పోటీని పక్కన పెడితే, దీనిదే పైచేయి. రోడ్డు మీద ఒకే తరహా అడుగు వేల సార్లు వేస్తాం. ఇక్కడ ఏ రెండు అడుగులూ ఒకలా పడవు. రోడ్డు రన్నర్లు మొదటి ట్రైల్‌లో పడేది సాధారణంగా ఆఖరి మూడో వంతులోనే. కాళ్లు అలసి, పాదం రెండు సెంటీమీటర్లు తక్కువ లేస్తుంది, వేరుకో రాయికో తగులుతుంది. చేతికర్రలు వాడనిస్తారేమో నిబంధనల్లో చూసి, వాడనిస్తే నేర్చుకుని వాడండి. ఎక్కేటప్పుడు తొడల భారం కొంత చేతులు పంచుకుంటాయి.

దీనికి ఖర్చు కూడా ఎక్కువే: ట్రైల్ బూట్లు, నీళ్ల బ్యాగు, తలకు లైటు, వాన కోటు. ఇవన్నీ పోటీ నిర్వాహకులు తప్పనిసరి సామాను జాబితాలో పెట్టే రకం వస్తువులు. బెంగళూరు దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. పోటీ అయ్యాక అదే రోజు రాత్రి బస్సులో ముడుచుకుని కూర్చుని రావొద్దు, ఒక రోజు ఉండండి.

మరి ఎవరికి? ఆదివారం కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లే అలవాటున్నవాళ్లకు, టైమింగ్ మీద పట్టింపు లేనివాళ్లకు. కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు అని ప్రతి రెండు నిమిషాలకూ వాచీ చూసుకునేవాళ్లకు ఇక్కడ ఒళ్లు మండుతుంది.

## లద్దాఖ్: కల సరే, లెక్క చూడండి

లేహ్‌లో సెప్టెంబరులో జరిగే లద్దాఖ్ మారథాన్ 2012లో మొదలైంది. ఊరే సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలిలో మనకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. హాఫ్, ఫుల్ ఉన్నాయి. ఆ పైన 72 కిలోమీటర్ల ఖర్దుంగ్ లా ఛాలెంజ్: ఖర్దుంగ్ గ్రామం నుంచి 5,300 మీటర్లకు పైనున్న కనుమ దాకా ఎక్కి, అటునుంచి లేహ్ దాకా దిగాలి. అంటే ఒకే దమ్మున సుమారు 1,800 మీటర్ల దిగుడు. ఆక్సిజన్ గురించే అందరూ మాట్లాడతారు గానీ, ఆ దిగుడు గురించి ఎవరూ చెప్పరు.

విశాఖ వాళ్లకు ఇక్కడో నిజమైన అడ్డంకి ఉంది. దగ్గర్లోని ఏ కొండా దీనికి పనికిరాదు. అరకు 900 మీటర్లు. మన రాష్ట్రంలోనే అత్యంత ఎత్తైనదిగా చెప్పుకునే అర్మకొండ కూడా 1,680 మీటర్లే. కాళ్లను ఇక్కడ తయారుచేసుకోవచ్చు, రక్తాన్ని మాత్రం అక్కడికి వెళ్లాకే తయారుచేసుకోవాలి. అందుకే కనీసం వారం పది రోజుల ముందు లేహ్ చేరాలి. మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి, తర్వాత నడక, ఆ తర్వాతే చిన్న పరుగు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఉంటే పైకి వెళ్లకూడదు, తగ్గకుండా పెరుగుతుంటే కిందికి దిగిపోవాలి. ఇందులో మొహమాటం పనికిరాదు. ముందుజాగ్రత్తగా మాత్రలు వాడాలా వద్దా అన్నది మీ డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి, గ్రూపులో అడిగి కాదు.

సెలవులు దొరికేవాళ్లకు, ఎలాగూ కుటుంబంతో లద్దాఖ్ చూడాలనుకునేవాళ్లకు హాఫ్ చక్కటి ఆలోచన. ముందు వెళ్లి ఊరు, గొంపాలు (బౌద్ధ మఠాలు) చూస్తూ అలవాటుపడి, ఆఖరి రోజుల్లో పరుగెత్తొచ్చు. నాలుగు రోజుల సెలవుతో ఢిల్లీ మీదుగా విమానంలో ఎగిరివెళ్లి, ఫుల్ పరుగెత్తి వచ్చేద్దామనుకుంటే మాత్రం ఆ డబ్బు సతారాకు పెట్టండి, మిగిలింది దాచుకోండి.

## ఏ పోటీకి ఏ కొండ

పోటీ ఎంచుకోవడంలో సగం, దానికి సాధన చేయగల కొండ మీకు అందుబాటులో ఉందా అన్నదే.

కైలాసగిరి. పైన పార్కు సముద్రమట్టానికి 173 మీటర్ల ఎత్తున ఉంది. ఒకసారి ఎక్కితే 150 మీటర్ల పైచిలుకు వస్తుందనుకోండి, ఆరుసార్లు ఎక్కి దిగితే 900 మీటర్లు. వారం మధ్యలో, ఆఫీసుకు ముందు, ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, విశాలాక్షినగర్ వైపు ఉండేవాళ్లకు ఇంతకన్నా సులువైనది లేదు. సతారాకు ఇది సరిపోతుంది, కాకపోతే దిగుడు పొట్టిది. అందుకే దిగేటప్పుడు ఆగకుండా, కింద ఒక్క నిమిషమే నిలబడి మళ్లీ ఎక్కాలి. సందర్శకుల వాహనాలు మొదలయ్యేలోపు ముగించండి.

సింహాచలం. కొండ 300 మీటర్ల ఎత్తు. ఘాట్ రోడ్డు ఉంది, తొలిపావంచా (కొండ కింది మొదటి మెట్టు) నుంచి వెయ్యి పైచిలుకు మెట్లున్నాయి. ఎక్కడానికి మెట్లు, దిగడానికి రోడ్డు అని కొందరంటారు. చెప్పుల్లేకుండా, గోవింద నామాలు చెప్పుకుంటూ ఎక్కే భక్తుల మధ్య బూట్లతో దూసుకుపోవడం నాకు నచ్చదు. కొబ్బరినీళ్లు పడి మెట్లు జారుతాయి కూడా. మెట్ల మీద నడిచి ఎక్కండి, దర్శనం చేసుకోండి, పరుగు ఘాట్ రోడ్డు మీద పెట్టుకోండి. అదీ రద్దీ లేని రోజుల్లో, తెల్లవారగానే.

ఈ కొండ గురించి ఇంకో మాట. ఆషాఢ పౌర్ణమి ముందురోజు మొదలయ్యే గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా తిరిగి వస్తారు. అది పోటీ కాదు, దాన్ని పోటీగా మార్చొద్దు. అయితే లోనావాలాకో మలనాడుకో వెళ్లాలనుకునేవాళ్లకు, ఆరేడు గంటలు కాళ్ల మీద ఉంటే ఒళ్లు ఎలా ఉంటుందో, ఏం తింటే కడుపు ఊరుకుంటుందో తెలిసేది ఆ రాత్రే. దారి పొడవునా మజ్జిగ, పులిహోర ఇచ్చే చేతులు ఇంకే పోటీలోనూ ఉండవు.

తొట్లకొండ. భీమిలి దారిలో, 128 మీటర్ల ఎత్తున ఉన్న బౌద్ధ ఆరామ శిథిలాల కొండ. రుషికొండ ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు దగ్గర. ఎత్తు తక్కువే గానీ పైకి వెళ్లే రోడ్డు మీద చిన్న చిన్న స్పీడ్ వర్కవుట్లకు బాగుంటుంది. శిథిలాల మీద పరుగెత్తకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

కంబాలకొండ. మట్టిదారులు కావాలంటే నగరం పక్కనే ఉన్నది ఇదే. కానీ ఇది వన్యప్రాణి అభయారణ్యం, చిరుతలున్నాయి. అటవీ శాఖ తెరిచే వేళల్లో, టికెట్ తీసుకుని, అనుమతి ఉన్న దారుల్లో, గుంపుగా మాత్రమే. చీకట్లో ఒంటరిగా పోవడం ధైర్యం కాదు.

అనంతగిరి ఘాట్. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఈ ఎక్కుడే పొడవైన దిగుడుకు మన అసలు వనరు. గంటసేపు ఆగకుండా దిగగలిగే దారి నగరంలో ఎక్కడా లేదు. పెద్ద పోటీకి వెళ్లేవాళ్లు నెలకోసారైనా ఇక్కడికి రావాలి. లారీలు, టూరిస్టు బస్సులు, బైకుల గుంపులు ఉంటాయి కాబట్టి ఆదివారం కంటే మామూలు రోజు మేలు, కుదరకపోతే తెల్లవారగానే మొదలుపెట్టి ఎనిమిదిలోపు ముగించాలి. వెనకాల నీళ్లు, సామాను పట్టుకుని ఒక కారో బైకో ఉంటే మంచిది. పైన కాఫీ తోటలున్నాయి. తోట యజమానిని అడిగి ఒప్పుకుంటే మలనాడుకు ఇంతకన్నా పోలిక గల నేల దొరకదు.

## ఇక మీ సంగతి

పది కిలోమీటర్ల దగ్గరే ఉన్నవాళ్లు ఈ ఏడాది పెద్ద పేర్ల జోలికి పోకండి. కైలాసగిరి వారానికోసారి, దగ్గర్లో ఏదైనా చిన్న కొండ పరుగు ఉంటే అది. హాఫ్ రెండు గంటల పావు, రెండున్నరలో చేసేవాళ్లకు సతారా. ఉక్కపోతలో సాధన చేస్తే తలనొప్పి, కండరాల పట్టు వచ్చేవాళ్లు సతారా వదిలి లోనావాలా 35కి వెళ్లండి. నా లెక్కలో ఇదే తెలివైన ఎంపిక, కొండ ఫొటోలు సతారాలో ఇంకా బాగా వచ్చినా సరే.

మోకాలు ఎప్పుడో దెబ్బతిన్నవాళ్లు తారు దిగుడును చూసి భయపడాలి. ఆశ్చర్యంగా అనిపించొచ్చు గానీ, మెల్లగా నడుస్తూ పరుగెత్తే మెత్తని మట్టిదారి వాళ్లకు ఒక్కోసారి నయం. ఫిజియోను అడిగి చూడండి. చీలమండ పదేపదే మడతపడేవాళ్లకు దీనికి సరిగ్గా వ్యతిరేకం, రోడ్డే దారి.

ఒంటరిగా సాధన చేయాల్సి వచ్చే ఆడవాళ్లకు కొండదారుల్లో వెలుతురు, మనుషుల సంచారం ముఖ్యం. ఈ రెండూ చూస్తే కైలాసగిరికే ఓటు. అనంతగిరికి గ్రూపుతోనే. అందుకే గ్రూపులో నలుగురు కలిసి ఒకే పోటీకి పేరివ్వడం, మంచి పోటీకి ఒక్కరే పేరివ్వడం కంటే ఎక్కువ పనికొస్తుంది.

పేరిచ్చే ముందు నిర్వాహకుల పేజీలో మూడు చూడండి. మొదటిది దారి ఎత్తుపల్లాల గ్రాఫు. ఆఖరి పది కిలోమీటర్లలో దిగుడు ఎంత నిటారుగా ఉందో దాంట్లో తెలిసిపోతుంది. రెండోది మొత్తం పోటీకే కాక మధ్య మధ్య పాయింట్లకు కూడా కటాఫ్ ఉందా అన్నది. మూడోది మెడికల్ సర్టిఫికెట్, పాత పోటీ టైమింగ్ అడుగుతున్నారా అన్నది. సతారా స్లాట్లు త్వరగా నిండిపోతాయి, రిజిస్ట్రేషన్ తెరిచిన వారంలోనే తేల్చుకోవాలి. బిబ్ (చొక్కాకు తగిలించుకునే నంబరు) సాధారణంగా ముందురోజే స్వయంగా వెళ్లి తీసుకోవాల్సి ఉంటుంది, రైలు టికెట్ దాన్ని బట్టే బుక్ చేసుకోండి.